ఫోమ్ కిట్‌తో ఆరేళ్లు: నచ్చింది ఫోమ్ కాదు, జిగురు

పాత స్పీకర్లలో కోన్ (ఊగుతూ చప్పుడు చేసే కాగితపు గరాటు) చుట్టూ ఉండే ఫోమ్ అంచు మార్చే కిట్ గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది జిగురు గురించే. పూసినప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక కనిపించకుండా పోయే జిగురు. తొందరగా ఆరదు. దాని గొప్పతనమంతా అందులోనే ఉంది. మొదటిసారి నేను దాన్ని నమ్మలేదు. పిల్లల క్రాఫ్ట్ పనికి వాడే జిగురులా ఉంది, ఇదేం పట్టుకుంటుందిలే అని పక్కన పెట్టి, చెప్పులకు వాడే గమ్ తీశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా!

నావి 8 అంగుళాల వూఫర్లు, అంటే బేస్ పలికే స్పీకర్లు. అంచు ముట్టుకుంటే చాలు, బంకగా అంటుకుని రాలిపోయేది. పాటలు పెట్టినా పెట్టకపోయినా ఆ ఫోమ్‌కి అదే గతి, గాలిలో తేమే దాన్ని తినేస్తుంది. పాత బంకంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక సాయంత్రంలో రెండూ అతికించేశాను.

కుడిది బాగానే వచ్చింది. ఎడమదాంట్లో గొంతు స్పష్టంగానే ఉంది కానీ, బేస్ వచ్చినప్పుడల్లా గర్రుమని గీరుకునే చప్పుడు. ఆంప్లిఫయర్ పోయిందేమోనని టెన్షన్ పడి వైర్లు అటూ ఇటూ మార్చి చూశాను. ఎలా మార్చినా గీరుడు ఎడమవైపే. చివరికి రెండు చేతుల వేళ్లూ కోన్ మీద ఆనించి, అన్ని వైపులా సమానంగా మెల్లగా లోపలికి నొక్కాను. ఇసుక మీద గిన్నె జరిపినట్టు వేళ్లకు తెలిసింది. వాయిస్ కాయిల్‌కీ (కోన్ వెనక ఉండే తీగచుట్ట) అయస్కాంతానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ గమ్ తగిలీ తగలగానే పట్టేసింది, నేను కోన్‌ని ఒక వెంట్రుకవాసి పక్కకి పెట్టి కూర్చున్నాను, అందుకే కాయిల్ రాసుకుంటోంది. సరిచేద్దామని లాగితే ఫోమ్ చిరగడమే కాదు, కోన్ అంచున కాగితం పొర కూడా లేచి వచ్చింది. దానికి టిష్యూ కాగితం అతుకు వేయాల్సి వచ్చింది. ఇంకో కిట్ కొనక తప్పలేదు.

రెండోసారి బుద్ధిగా తెల్ల జిగురే వాడాను. ముందు ఫోమ్‌ని కోన్‌కి అతికించి పూర్తిగా ఆరనిచ్చాను. తర్వాత ఫ్రేమ్‌కి జిగురు రాసి ఫోమ్ ఆనించి, ఫోన్ నుంచి 30 హెర్ట్జ్ టోన్ (బాగా లోతైన బేస్ శబ్దం) తక్కువ సౌండ్‌లో పెట్టాను. కోన్ ఊగుతుంటే బొటనవేలితో అంచుని ఇటు కాస్త, అటు కాస్త జరుపుతూ పోయాను. ఒకచోట గీరుడు టక్కున ఆగిపోయింది! ఆ క్షణం కోసమైనా ఈ పని ఇంకోసారి చేస్తాను. అక్కడే ఉంచి చుట్టూ వేళ్లతో అదుముతూ, జిగురు కాస్త గట్టిపడేదాకా కూర్చుని, తర్వాత ఒక రోజంతా కదపలేదు. డస్ట్ క్యాప్ (కోన్ మధ్యలో కాయిల్ మీద ఉండే మూత) కోసే పనే పడలేదు. కాయిల్ చుట్టూ దూర్చమని కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ ముక్కలు ఇప్పటికీ డ్రాయర్‌లోనే ఉన్నాయి.

అప్పట్లో అందరికీ "కొత్తదానిలా మోగుతోంది" అని చెప్పుకు తిరిగాను. అది కాస్త ఎక్కువే. ఏళ్లతరబడి బేస్ లేకుండా విన్న చెవికి ఏదైనా కొత్తగానే ఉంటుంది. ఆ తర్వాత క్రాసోవర్‌లో (బేస్‌నీ పైస్వరాలనీ విడదీసే సర్క్యూట్) ఎండిపోయిన కెపాసిటర్లు మార్చినప్పుడు గానీ, పైస్వరాలు ఎంత మూసుకుపోయి ఉన్నాయో తెలియలేదు.

ఫోమ్ సంగతీ అంతే. ఎడమదాని అంచు ఇంకా మెత్తగా ఉంది, నొక్కి వదిలితే లేస్తుంది. కిటికీ పక్కనున్న కుడిదాని అంచు గోధుమ రంగుకి తిరిగింది, గోరు గుర్తు పడితే వెంటనే పోవడం లేదు. అంటే ఈ ఫోమ్ కూడా పాతదాని దారిలోనే పోతోంది. రబ్బరు అంచు ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ బరువు. కోన్ కదలిక మారితే, ఫోమ్‌ని లెక్కలో పెట్టుకుని చేసిన పెట్టెలో బేస్ కూడా మారుతుంది.

నాది చిన్న గది. రాత్రిపూట తక్కువ సౌండ్‌లో వింటాను, ఒక రోజు ఆగే ఓపిక ఉంది, కాబట్టి నాకు ఈ కిట్ సరిపోయింది. గట్టిగా పెట్టి వినేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. కుడిదానికి మళ్లీ ఫోమే వేయాలా, రబ్బరుకి మారాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అప్పటిదాకా దాన్ని కిటికీ పక్కనుంచి జరిపి గోడవైపు పెట్టాను.