యూజర్ వెనక ఉన్న సర్వర్ జాబ్ దొరకాలంటే ఏది మేలు: లాక్ చూడటమా, ఎస్‌క్యూఎల్‌తో అడగటమా?

తిరుపతిలో ఇంటి నుంచి రాత్రి షిఫ్టులో ఐబీఎం ఐ (ఐబీఎం వారి బిజినెస్ సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్) సపోర్ట్ చేసే కుర్రాళ్లు తరచూ అడిగేది ఒకటే. "అన్నా, ఫలానా యూజర్ క్వెరీ వల్ల సిస్టమ్ స్లో అయిందని క్లయింట్ గొడవ. వర్క్ యూజర్ జాబ్స్ కమాండ్‌లో ఆ పేరుతో ఏమీ లేదు. ఎక్కడ వెతకాల?"

బయటి ప్రోగ్రామ్‌లు డేటాబేస్‌తో మాట్లాడే ఓడీబీసీ, జేడీబీసీ పని ఎక్కువగా క్యూజెడ్‌డీఏఎస్ఓఇనిట్ (QZDASOINIT) అనే సర్వర్ జాబ్‌లదే. ఇవి ముందే మొదలై, వచ్చిన యూజర్ కోసం పనిచేసే ప్రీస్టార్ట్ జాబ్‌లు. వాటి పేర్లలో క్యూయూజర్ అనే ఉంటుంది, అసలు యూజర్ కరెంట్ యూజర్‌గా లోపల ఉంటాడు. వర్క్ యాక్టివ్ జాబ్స్‌లో ఆ పేరు కనిపిస్తుంది గానీ, వందల వరసల్లో వెతుక్కోవాలి.

పాతవాళ్ల దారి వర్క్ ఆబ్జెక్ట్ లాక్స్ కమాండ్. యూజర్ ప్రొఫైల్ పేరిచ్చి, రకం యూఎస్ఆర్‌పీఆర్ఎఫ్ అని చెబితే ఆ ప్రొఫైల్‌ను లాక్‌తో పట్టుకున్న జాబ్‌లన్నీ వస్తాయి. వీపీఎన్ నత్తలా నడిచే రాత్రి కూడా గ్రీన్ స్క్రీన్‌లో (అక్షరాలు మాత్రమే చూపే టెర్మినల్) ఇది ఇట్టే పనిచేస్తుంది. కానీ ఆ జాబ్ ఏం చేస్తోందో చెప్పదు. పది జాబ్‌లు వస్తే పదింటిలోకీ దిగి చూడాల్సిందే.

నా ఓటు క్యూఎస్‌వైఎస్2 అనే సిస్టమ్ లైబ్రరీలోని యాక్టివ్ జాబ్ ఇన్ఫో అనే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్‌కే. జాబ్ పేరు ఫిల్టర్, కరెంట్ యూజర్ ఫిల్టర్ ఇచ్చి, డీటెయిల్డ్ ఇన్ఫోను ఆల్ అని పెట్టండి. జాబ్‌తో పాటు నడుస్తున్న ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్, అది మొదలైన టైమ్, క్లయింట్ ఐపీ ఒకే వరసలో వస్తాయి. స్టేట్‌మెంట్ కనబడాలంటే జాబ్ కంట్రోల్ లాంటి అధికారం ఉండాలి, అది ముందే అడిగి పెట్టుకోండి. నాకు తేల్చేది ఇదే: క్లయింట్‌కు కావలసింది జాబ్ నంబర్ కాదు, ఏ క్వెరీ అన్న జవాబు. పైగా ఫలితాన్ని ఒక టేబుల్‌లో దాచుకోవచ్చు. ప్రీస్టార్ట్ జాబ్ ఈ యూజర్‌ను వదిలి ఇంకొకరికి వెళ్లిపోయినా సాక్ష్యం మన దగ్గర ఉంటుంది.

బ్రౌజర్‌లో నడిచే ఐబీఎం నావిగేటర్‌లోనూ ఇవన్నీ చూడొచ్చు, మౌస్ ఇష్టపడేవాళ్లకు. కనెక్షన్ తెగిపోయాక అయితే హిస్టరీ లాగ్‌లో, ఏ యూజర్ ఏ జాబ్‌కు కనెక్ట్ అయ్యాడో చెప్పే సీపీఐఏడీ09 మెసేజ్ వెతకండి.

వెబ్ అప్లికేషన్ అందరినీ ఒకే సర్వీస్ ప్రొఫైల్‌తో (ఉమ్మడి లాగిన్) కలిపేస్తే మాత్రం లాక్‌ల దారి పూర్తిగా చేతులెత్తేస్తుంది. అప్లికేషన్ టీమ్ క్లయింట్ యూజర్ ఐడీ రిజిస్టర్‌ను (కనెక్షన్‌తో పాటు అసలు యూజర్ పేరు ఉంచే చోటు) నింపితే, యాక్టివ్ జాబ్ ఇన్ఫోలో అదీ ఒక కాలమ్‌గా వస్తుంది. ఆ మార్పు గట్టిగా అడిగి చేయించుకోండి.