ఏడు వేసవుల పీచ్ కాబ్లర్: కారమెల్ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు మానాలి

ఏడు వేసవులుగా మా ఇంట్లో పీచ్ కాబ్లర్ చేస్తున్నాను. లెక్కపెట్టుకోలేదు గానీ అరవైకి తక్కువ ఉండవు. వాటిలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో చేసినవి: ముందు చక్కెరను ఎర్రగా కాచి కారమెల్ చేసి, అందులో పండ్ల ముక్కలు మగ్గించి, పైన పిండి ముద్దలు పెట్టి ఓవెన్‌లో కాల్చడం. పాత్ర కూడా మారలేదు. పదింబావు అంగుళాల కాస్ట్ ఐరన్ స్కిల్లెట్, మన భాషలో చెప్పాలంటే పోత ఇనుప మూకుడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ పద్ధతిదీ ఆ మూకుడిదీ మంచీ చెడూ చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

మేముండేది అట్లాంటాకు ఉత్తరాన. అమెరికాలోని ఈ జార్జియా రాష్ట్రానికి పీచ్ 1995 నుంచి అధికారిక రాష్ట్ర ఫలం, కార్ల నంబర్ ప్లేట్ల మీద కూడా దాని బొమ్మే. పంటలో మాత్రం కాలిఫోర్నియా, దక్షిణ కరోలినా ముందున్నాయి. ఈ మాట ఇక్కడి పాతవాళ్ళ దగ్గర అనకండి.

కాబ్లర్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అడుగున తియ్యటి పండ్ల గుజ్జు, పైన బిస్కెట్ పిండి. ఇక్కడ బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు, వెన్న కలిపి చేసే మెత్తని రొట్టె లాంటిది. పై వైపు సమంగా ఉండదు, గతుకుల రోడ్డులా ఉంటుంది, అలాగే ఉండాలి. మొదటిసారి చూసిన మా అత్తగారు, "ఇదేంటమ్మాయ్, హల్వా మీద ఇడ్లీలు పెట్టినట్టుంది" అన్నారు. పండు పేరు విని ఇంకో అనుమానం. "పీచు పండా? పీచు మామిడిలాగా పళ్ళల్లో ఇరుక్కుంటుందేమో." తిన్నాక రెండో గిన్నె అడిగారు, అది వేరే సంగతి. ఆవిడకి నచ్చడానికి పెద్ద కారణం ఇందులో గుడ్డు లేకపోవడం. ఈ దేశంలో గుడ్డు లేని స్వీటు కోసం లేబుళ్ళు చదివి చదివి విసిగిపోయినవాళ్ళకి కాబ్లర్ ఒక వరం. మీద వేసుకునే ఐస్‌క్రీమ్ దగ్గర మాత్రం చూసుకోండి. ఫ్రెంచ్ వెనిలా అని రాసి ఉంటే అందులో గుడ్డు సొన ఉంటుంది.

ఇక కారమెల్ సంగతి. నేను మొదట్లో చేసిన తప్పు, ముక్కల మీద బ్రౌన్ షుగర్ చల్లి ఓవెన్‌లో పెడితే అదే కారమెల్ అయిపోతుందనుకోవడం. అవదు. చక్కెర రంగు తిరగాలంటే దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. పండులో ఉన్నదంతా నీరే. ఆ నీరు ఉన్నంతసేపూ గుజ్జు 100 డిగ్రీలు దాటి పెద్దగా పోదు. మూకుడు అంచుల్లో కాస్త నల్లబడి అతుక్కున్న చోట మాత్రమే అసలైన కారమెల్ రుచి వస్తుంది. లోపలంతా తియ్యటి పులుసే. అందుకని చక్కెరను విడిగా, నీళ్ళు లేకుండా కరిగించి, ఎర్రగా కాచి, అప్పుడు ముక్కలు వెయ్యాలి.

మనవాళ్ళకి పాకం కొత్త కాదు కదా అనుకుని ధీమాగా మొదలుపెట్టాను. అరిసెల పాకానికి పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి ఉండ కట్టి చూస్తాం. ఇక్కడ ఆ విద్య పనికిరాదు. ముదురు పాకం కూడా దాటిపోయాక మొదలయ్యే ఆట ఇది, రంగూ వాసనా తప్ప ఆధారం లేదు. తీరా చూస్తే మూకుడు నల్లగా ఉంది! నల్లటి అడుగు మీద పాకం తేనె రంగులో ఉందో, కాఫీ డికాషన్ రంగులో ఉందో ఎలా తెలుస్తుంది? మూడుసార్లు మాడ్చాను. మూడోసారి పొగ అలారం మోగి చంటివాడు లేచాడు. అప్పటి నుంచీ కారమెల్ స్టీలు గిన్నెలో కాచి మూకుట్లో పోస్తున్నాను. ఒక గిన్నె ఎక్కువ తోముకోవాలి, అంతే. మూకుట్లోనే చెయ్యాలని పట్టుదల ఉంటే ఒక చుక్క తెల్ల సాసర్ మీద వేసి రంగు చూడండి.

ఇంకో భయం గురించి కూడా చెప్పాలి. వేడి కారమెల్‌లో చల్లటి ముక్కలు పడగానే అది ఠక్కున గడ్డకట్టి పటికబెల్లంలా అవుతుంది. మొదటిసారి గుండె జారిపోయింది, మొత్తం పారబోయబోయాను. కంగారు పడక్కర్లేదు. మంట తగ్గించి ఐదారు నిమిషాలు ఆగితే పండులోంచి ఊరిన రసంలో అదే కరుగుతుంది.

నా కొలతలు ఇవి. పీచ్ పండ్లు మధ్యరకంవి ఏడు, అంటే కిలో పైన కొంచెం. కారమెల్‌కి చక్కెర 100 గ్రాములు, వెన్న 40 గ్రాములు, ఒక పెద్ద చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు, చిక్కదనానికి చెంచాన్నర కార్న్‌ఫ్లోర్. పై పిండికి మైదా 190 గ్రాములు, చక్కెర 50, చల్లటి వెన్న 85, బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలు, పావు చెంచా వంట సోడా, అర చెంచా ఉప్పు, 160 మిల్లీలీటర్ల బటర్‌మిల్క్. ఇంట్లో పుల్లటి పెరుగు కొంచెం నీళ్ళతో గిలక్కొట్టి పోసినా తేడా కనిపెట్టలేకపోయాను. 375 ఫారెన్‌హీట్‌లో, అంటే 190 సెల్సియస్, నలభై నిమిషాలు. కింద అరలో రేకు పరిచిన ట్రే తప్పనిసరి, ఎందుకంటే పొంగుతుంది. పొంగి ఓవెన్ అడుగున పడి కాలిన పాకాన్ని గీకడం ఎంత పనో ఒక్కసారి అనుభవిస్తే చాలు.

మసాలా విషయంలో మన బుద్ధి పోనిచ్చుకోలేక ఏలకులు వేశాను. బాగానే ఉంది గానీ తింటుంటే పండగనాటి పాయసమే గుర్తొచ్చింది, పీచ్ ఎక్కడో దాక్కుంది. దాల్చినచెక్క వేస్తే యాపిల్ పై (pie) అనుకుంటున్నారు. చివరికి జాజికాయ దగ్గర ఆగాను. తురుముపీట మీద రెండు గీతలు, అంతకుమించి వద్దు. ఇక్కడి పాత ఇళ్ళలో కూడా అదే వేస్తారట.

రెండేళ్ళపాటు నన్ను సతాయించింది పై పిండి. పైన బంగారు రంగు, తుంచి చూస్తే అడుగున పచ్చిపిండి, జిగురుగా. ఓవెన్‌ని తిట్టుకున్నాను. ఓవెన్ థర్మామీటర్ కొని లోపల పెడితే చూపించే దానికంటే 25 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ వేడెక్కుతోంది, కాబట్టి కొంత తప్పు దానిదే. ఎక్కువ తప్పు మాత్రం నాది. పండ్లు చల్లారాక పిండి పెట్టేదాన్ని. గుజ్జు కుతకుత ఉడుకుతున్నప్పుడే ముద్దలు వేస్తే అడుగు ఆవిరికి ఉడుకుతుంది, పై భాగం ఓవెన్ వేడికి కాలుతుంది. ముద్దల మధ్య వేలు పట్టేంత ఖాళీ కూడా ఉంచాలి, ఆవిరి పోవడానికి. దుప్పటి కప్పినట్టు మొత్తం మూసేస్తే ఎంతసేపు కాల్చినా పచ్చే. ఈ రెండూ పాటించిన రోజు నుంచి నాకు మళ్ళీ ఆ సమస్య రాలేదు. పిండిని చపాతీ పిండిలా మర్దించకండి. తడి అందగానే చెయ్యి తీసెయ్యాలి.

ఆఫీసులో మేకన్ అనే ఊరి పక్క నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి ఒకసారి డబ్బాలో పెట్టిచ్చాను. తిని, చాలా బాగుందని చెప్పి, ఇది కాబ్లర్ మాత్రం కాదంది. వాళ్ళమ్మ పండ్ల మీద pie చేసే పిండిని పట్టీల్లా కోసి అల్లేదట, కొన్ని పట్టీలు గుజ్జులో కూడా వేసి ఉడికించేదట. ఇంకొకావిడ పద్ధతి ఇంకొకటి: కరిగిన వెన్న మీద ఒక కప్పు పిండి, ఒక కప్పు చక్కెర, ఒక కప్పు పాలు కలిపిన జారు పోసి, కలపకుండా పైన పండ్లు వెయ్యడం. కాలుతుండగా జారు పండ్ల మధ్యలోంచి పైకి పొంగి వస్తుంది. చూడ్డానికి తమాషాగా ఉంటుంది. పిల్లలు ఓవెన్ అద్దం దగ్గర నుంచి కదలరు. వారం మధ్యలో ఎవరైనా వస్తున్నారంటే నేనిప్పుడు అదే చేస్తాను, పావుగంట పని. కారమెల్ మాత్రం దానిలో వద్దు, నోరు కట్టేసేంత తీపి.

పండ్ల దగ్గరకొస్తే, మే మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఇక్కడ సీజన్. మొదట్లో వచ్చేవి టెంకకి అంటుకుని ఉండే రకం. ముక్కలు కోయడం నరకం, సగం కండ టెంకతోనే పోతుంది. జూన్ సగం దాటాక టెంక వదిలే రకాలు వస్తాయి, చుట్టూ కత్తి తిప్పి రెండు చేతులా మెలిపెడితే ఊడొస్తుంది. వీలైన ఏడాది ఫోర్ట్ వ్యాలీ వైపు వెళ్ళి 25 పౌండ్ల పెట్టె తెచ్చుకుంటాం. ఆ జిల్లా పేరే పీచ్ కౌంటీ. అక్కడ జూన్‌లో జరిగే పీచ్ ఉత్సవంలో భారీ కాబ్లర్ చేసి జనానికి పంచుతారు.

మామిడికాయల్లాగా బియ్యం సంచిలో పెట్టి ముగ్గబెట్టాను ఒకసారి. పండాయి, కానీ బరువుకి నలిగి చోట్లచోట్ల గోధుమరంగు మచ్చలు. కాగితం సంచిలో ఒకే వరసగా పెట్టడం మేలు. పండకముందే ఫ్రిజ్‌లో పెడితే మాత్రం లోపల పిండిపిండిగా అయిపోతాయి, ఏ పాకమూ వాటిని బాగుచెయ్యలేదు. తొక్క తియ్యడానికి అర నిమిషం మరిగే నీళ్ళు, వెంటనే ఐసు నీళ్ళు.

2023లో చలికాలం సరిగా చలి పడక, ఆపైన మార్చిలో గడ్డకట్టే చలి వచ్చి జార్జియా పీచ్ పంటలో 90 శాతం పైగా పోయింది. ఆ ఏడాదంతా ఫ్రీజర్ ముక్కలూ డబ్బా ముక్కలే. నా అభిప్రాయం మారింది అప్పుడే. ఫ్రీజర్ పండు పూర్తిగా కరిగించి, ఊరిన నీళ్ళు విడిగా సగానికి మరిగించి, కారమెల్‌లో కలిపితే, నిజం చెప్పాలంటే వచ్చినవాళ్ళెవరూ తాజావి కావని గుర్తుపట్టలేదు. డబ్బావి ముందే ఉడికినవి కాబట్టి మగ్గించే పని లేదు, చక్కెర సగానికి తగ్గించాలి. రెండిటికీ కారమెల్ ప్రాణం పోసింది.

మరుసటి ఏడాది జులైలో మంచి పండ్లు దొరికాయి, గదిలో పెడితే ఇల్లంతా వాసన. అదే కారమెల్, అదే మూకుడు. తిన్నాక ఏదో వెలితి. రెండో రోజు కారమెల్ లేకుండా, కొంచెం చక్కెర, నిమ్మరసంతో మాత్రమే చేశాను. తేడా మా ఆయనకి కూడా తెలిసింది, ఆయన సాధారణంగా ఉప్పు లేకపోయినా తినేసే మనిషి. మంచి పండులో పూల వాసన లాంటిది ఒకటుంటుంది. కారమెల్ చేదు దాన్ని మింగేస్తుంది. కాబట్టి ఆరేళ్ళు నేను గొప్పగా చెప్పుకున్న పద్ధతి నాసిరకం పండ్ల కోసం పుట్టిందని నాకిప్పుడు అనిపిస్తోంది. సూపర్‌మార్కెట్‌లో కొన్న చప్పటి పండ్లకి కారమెల్ వెయ్యండి, బోలెడంత వెయ్యండి. సీజన్ పండుకి వద్దు.

మూకుడు గురించి. వేడి పట్టి ఉంచుతుంది, అంచులు చక్కగా కరకరలాడతాయి, బల్ల మీద పెట్టాక ముప్పావుగంట దాకా గోరువెచ్చగా ఉంటుంది. వేడి కాబ్లర్ మీద చల్లటి ఐస్‌క్రీమ్ కరుగుతుంటే తినడమే అసలు సుఖం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కానీ బరువు. ఖాళీదే రెండున్నర కిలోలకి దగ్గర, నిండిందైతే నాలుగున్నర. ఓవెన్‌లోంచి వంగి తీసేటప్పుడు మణికట్టు విరుగుతున్నట్టుంటుంది. పిడి ఇరవై నిమిషాలైనా చల్లారదు. మరిచిపోయి పట్టుకుని అరచెయ్యి కాల్చుకున్నాను. ఇప్పుడు బయటికి తీయగానే పిడికి గుడ్డ చుట్టేస్తాను, ఇంట్లో అందరికీ అదే గుర్తు. మిగిలింది రాత్రంతా అందులో వదలకూడదు. పులుపుకి ఇనుము గుజ్జులోకి దిగి, తెల్లారేసరికి గుజ్జు నల్లబడి తుప్పు వాసన వస్తుంది, మూకుడి నునుపు కూడా పోతుంది. నూనె రాసి మళ్ళీ కాల్చుకోవాలి. తినడం అవగానే మిగిలింది గాజు గిన్నెలోకి మార్చేస్తాను. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే పై పిండి రబ్బరవుతుంది. 325 ఫారెన్‌హీట్ ఓవెన్‌లో పావుగంట పెడితే కొత్తదానిలా ఉంటుంది.

కొత్తగా కొనేవాళ్ళకైతే పింగాణీ పూత వేసిన ఇనుప పాత్ర చూడమంటాను. నల్లబడే గొడవ లేదు, లోపల తెల్ల పూత ఉన్నదైతే కారమెల్ రంగు కూడా తెలుస్తుంది. నేనే ఎందుకు కొనలేదంటే, ఈ మూకుట్లో నేను దోసెలు కూడా పోస్తాను. ఇంకొకటి తెస్తే పెట్టడానికి అర లేదు.

మొన్న ఇంటికెళ్ళినప్పుడు మా అత్తగారి కోరిక మీద బంగినపల్లి మామిడితో, బల్ల మీద పెట్టుకునే చిన్న ఓటీజీలో ప్రయత్నించాను. పైన కడ్డీకి దగ్గరై పదిహేను నిమిషాలకే మాడబోతే రేకు కప్పాల్సొచ్చింది. మామిడి ఉడికితే తీపి పెరిగి పులుపు పోతుంది, చివరికి మామిడి తాండ్ర మీద రొట్టె తిన్నట్టుంది. ఆవిడ మాత్రం, "పర్లేదమ్మాయ్, కానీ ఈ పండు ఊరికే కోసుకు తింటే సరిపోయేది" అన్నారు. అనాసతో చేసినది అంతకంటే చాలా నయం. దానికి పులుపుంది, కారమెల్‌కి నిలబడుతుంది.

ఇప్పుడు వంటింటి గట్టు మీద కాగితం సంచిలో ఎనిమిది పండ్లున్నాయి. తొడిమ దగ్గర వేలు పెడితే కొంచెం లొంగుతున్నాయి. రేపటికి సరిగ్గా ఉంటాయి. స్టీలు గిన్నె బయటికి తీయడం లేదు.