ఈ11.21 వేయాలా, ఈ11.22 వేయాలా?

టైప్ 2 షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్న పేషెంట్ చార్ట్ రాగానే అమెరికన్ ఐసీడీ-10-సీఎం కోడర్లకు, అంటే పేషెంట్ జబ్బులను కోడ్‌లుగా మార్చి రికార్డు చేసేవాళ్లకు, ఎదురయ్యే ప్రశ్న ఇది.

డాక్టర్ 'డయాబెటిక్ నెఫ్రోపతీ' (షుగర్ వల్ల కిడ్నీ దెబ్బ) అని మాత్రమే రాస్తే ఈ11.21. దానితో పని అయిపోతుంది.

ఈ11.22 సంగతి వేరు. 'క్రానిక్ కిడ్నీ డిసీజ్' అని రాసి ఉంటే ఇదే, కానీ ఒంటరిగా రాదు. స్టేజ్ చెప్పే ఎన్18 కోడ్ వెంట ఉండాలి. స్టేజ్ 3ఏకి ఎన్18.31, 3బీకి ఎన్18.32. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె) 40 కనిపించింది కదా అని 3బీ మనమే వేసేయకూడదు, స్టేజ్ డాక్టరే రాయాలి. లేకపోతే వివరణ అడుగుతూ డాక్టర్‌కు క్వెరీ పంపండి, మొహమాటం వద్దు.

షుగర్ వల్లే కిడ్నీ జబ్బు వచ్చిందని డాక్టర్ విడిగా రాయకపోయినా రెండింటికీ సంబంధం ఉన్నట్టే కోడింగ్ గైడ్‌లైన్స్ చూస్తాయి. కారణం వేరే అని స్పష్టంగా రాస్తే తప్ప. ఇది తెలియక చాలామంది ఈ11.9 (ఏ కాంప్లికేషన్లూ లేని టైప్ 2 షుగర్) వేసేస్తారు. అప్పుడు పేషెంట్ జబ్బు తీవ్రత రికార్డులోకే ఎక్కదు, నాకు బాధ కలిగించేది అదే. బీపీ కూడా ఉంటే ఐ12 కోడ్ (బీపీతో పాటు క్రానిక్ కిడ్నీ డిసీజ్) కూడా చేర్చాలి.

నా ఓటు: స్టేజ్ ఉన్న చార్ట్‌కు ఈ11.22.