తొమ్మిదేళ్ల టాప్ లోడ్ మెషీన్: లోపలి గేర్‌బాక్స్ విప్పి చూశాక

మా ఇల్లు విశాఖ లాసన్స్ బే కాలనీలో. 2016లో కొన్న ఆరున్నర కిలోల వాషింగ్ మెషీన్ తొమ్మిదేళ్లు దాటినా నడుస్తూనే ఉంది. నలుగురం, రోజు విడిచి రోజు ఒక వాయి. బట్టలు బాగానే ఉతుకుతుంది. చొక్కా కాలర్లు మాత్రం చేత్తో రుద్దాల్సిందే.

ఏడో ఏట స్పిన్‌లో కీచుమని అరవడం మొదలైంది. బెల్టేమో అనుకున్నాం. మెకానిక్ మెషీన్ని పక్కకి పడుకోబెట్టి టబ్బు కింద తుప్పు నీళ్ల చారలు చూపించాడు. ఆయిల్ సీల్ అరిగిపోయి, నీళ్లు దిగి, బేరింగు పాడైంది. గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సి వచ్చింది. పాతది ఇమ్మని అడిగి, అతని చేతే విప్పించాను.

మధ్యలో ఒక పళ్లచక్రం, చుట్టూ నాలుగు బుల్లి చక్రాలు, వాటి బయట లోపలివైపు పళ్లున్న వలయం. ఉతికేటప్పుడు బ్రేకు టబ్బునీ, వలయాన్నీ కదలనివ్వదు. మధ్య చక్రం తిరిగితే బుల్లి చక్రాలు దాని చుట్టూ దొర్లుతాయి. అలా వేగం తగ్గి, బలం పెరిగి, టబ్బు అడుగున బట్టల్ని తిప్పే పళ్లెం లాంటి పల్సేటర్‌కి అందుతుంది. తడిసి బరువెక్కిన దుప్పటిని కదిలించేది ఆ బలమే. అటూ ఇటూ తిరగడం గేర్ల పని కాదు, మోటారే దిశ మార్చుకుంటుంది.

నాకు బాగా నచ్చింది క్లచ్. నీళ్లు వదిలేముందు టక్‌మని వినిపిస్తుంది కదా, అప్పుడు ఒక చిన్న మోటారు తీగ లాగుతుంది. ఆ ఒక్క లాగుడుకే నీళ్లు పోయే వాల్వు తెరుచుకుంటుంది, బ్రేకు వదులుతుంది, క్లచ్ మోటారు తిప్పే ఇరుసునీ టబ్బునీ కలిపి పట్టుకుంటుంది. ఇక గేర్లు వేగం తగ్గించవు. టబ్బూ పల్సేటరూ ఒకటిగా తిరుగుతాయి. మోటారు నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరిగితే బెల్టు తిప్పే పెద్ద పుల్లీ దగ్గర అది సగమవుతుంది. మా మెషీన్ స్టిక్కర్ మీదున్న 700 అదే.

ఏడేళ్లు తిరిగినా పళ్లలో ఒక్కటీ విరగలేదు. కొంపముంచింది రబ్బరు సీలు. అందుకే కీచుమన్న మొదటి వారంలోనే చూపించండి. మేం రెండు నెలలు ఊరుకున్నాం, సీలుతో పోయేది బేరింగుదాకా వచ్చింది. దుప్పట్లు కుక్కడం మానేశాం. సముద్రం వైపు బాల్కనీలో ఉప్పుగాలికి అడుగు స్క్రూలన్నీ తుప్పుపట్టాయి, మెషీన్ని వంటింటి వెనక్కి మార్చాం.

కొత్త గేర్‌బాక్స్‌తో రెండేళ్లుగా చప్పుడు లేదు. బెల్టు అంచుల్లో మాత్రం సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి, వానలు మొదలయ్యేలోపు మార్పించాలి.