నింపిన 315 రైఫిల్‌తోని రాత్రిపూట చేన్లల్ల తిరగడం: చాలా ఏండ్లు వాడినంక నా సమీక్ష

మాది నర్సంపేట దిక్కు, పాకాల అడవి అంచు ఊర్లు. మక్క చేన్లు, పల్లి చేన్లు అడవిపందులు ఒక్క రాత్రిల తొక్కి పోతయి, రైతులు దరఖాస్తు పెట్టుకుంటరు, అటవీశాఖ అనుమతి ఇస్తే ఆ కాగితంల రాసిన ఊర్లల్లనే, అభయారణ్యం హద్దు బయటనే నేను పోత. సరదా వేట 1972 వన్యప్రాణి చట్టం కింద బంద్ ఉన్నది, పంట నష్టానికి సెక్షన్ 11 కింద ఇచ్చే అనుమతి వేరే సంగతి, కాబట్టి ఇది చదివి ఎవరూ తుపాకీ పట్టుకోని అడవికి బయలెల్లొద్దు దయచేసి. 315 బోర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ గురి ఎట్లుంటది, తూటా ఎంత దూరం పోతది అని చెప్పేటోళ్లు మస్తు మంది ఉన్నరు. నేను చెప్పేది దాన్ని చీకట్ల, ఒరాల (చేను గట్ల) మీద, పక్కన మనుషులు ఉండంగ మోసుకపోవడం గురించి.

దీని లోపలి పద్ధతి పాత బ్రిటిష్ సైన్యం రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ 303 దే. బోల్ట్‌ను, అంటే బ్యారెల్ వెనకాల చేతితోని తెరిచి మూసే గడియను, ముందుకు నూకి మూసేటప్పుడు తూటాను పేల్చే పిన్ను స్ప్రింగ్ ఎక్కుతది, ఎక్కినప్పుడు బోల్ట్ వెనకాల ఉండే కాకింగ్ పీస్ బయటికి పొడుచుకోని ఉంటది, బొటనవేలుతోని తడిమితే చాలు తుపాకీ ఎక్కి ఉందా దిగి ఉందా తెలుస్తది. నాకు ఈ రైఫిల్‌ల అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే రాత్రి పందికోసం కూసున్నోడు టార్చ్ వేసి తుపాకీ చూసుకోలేడు కద. సుత్తి లోపల దాగుండే 12 బోర్ డబుల్ బ్యారెల్‌ల ఇట్ల వేలుకు దొరకదు. తుపాకీ పేలకుండ ఆపే సేఫ్టీ లివర్ ఎడమ దిక్కు ఉంటది, వెనక్కి తిప్పితే సేఫ్, అది కాకింగ్ పీస్‌నే పట్టుకుంటది, బోల్ట్‌ను కూడ లేవనియ్యదు. 12 బోర్లల్ల చాలా వాటికి సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతది, చెయ్యి జారి కింద పడితే ఆ దెబ్బకు లోపల పట్టు తప్పి పేలొచ్చు.

ఇంత మంచి సేఫ్టీ ఉన్నా నడిచేటప్పుడు దాని మీద భరోసా పెట్టుకోను. కుడి భుజానికి పట్టా వేసుకోని మూతి పైకి పెట్టి నడిస్తే ఆ లివర్ ఉన్న దిక్కు సక్కగ మన వీపుకు వస్తది, బ్యాగ్ పట్టా, చలికాలం కప్పుకున్న షాల్, ఏదో ఒకటి రాసుకుంటనే ఉంటది, ముందుకు జరిగిందంటే సేఫ్టీ పోయినట్టే. అందుకే నడకల చాంబర్ (బ్యారెల్ మొదట్ల తూటా కూసుండే జాగ) ఖాళీ, తూటాలు కింద ఉండే డబ్బా, అంటే మ్యాగజైన్‌లనే. మ్యాగజైన్ నింపినంక పైన ఉన్న తూటాను బొటనవేలుతోని కిందికి అదిమి పట్టి, బోల్ట్‌ను దాని మీది నుంచి నూకి, చాంబర్ల ఏం పోలేదని చూసుకోని మూయాలె, అటెన్క మూతి మెత్తటి నేల దిక్కు పెట్టి ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగ్ దిగిపోతది. ఇప్పుడు వేలు పెట్టి తడిమితే దిగి ఉన్నట్టే తెలుస్తది, కావాల్నంటే బోల్ట్ ఒక్కసారి ఎనకకు ముందుకు ఆడిస్తే తూటా ఎక్కుతది.

కొందరు చాంబర్ల తూటా పెట్టి, కాకింగ్ పీస్‌ను మెల్లగ చేతితోని దించి, ఎక్కి లేదు కద సేఫే అనుకుంట నడుస్తరు. ఇది మాత్రం అస్సలు చేయొద్దు, అట్ల దించితే లోపలి పిన్ను సక్కగ తూటా క్యాప్ (అడుగున దెబ్బకు అంటుకునే మందు) మీద ఆనుకోని ఉంటది, వెనకాల రాయికో మంచె కట్టెకో గట్టిగ తగిలితే పేలుతది. సగం ఎక్కిచ్చి పెట్టుడు కూడ అంతే, అది మోసుకపోనీకి పెట్టింది కాదు.

బోల్ట్ చప్పుడుకు పంది ఉరుకుతది కద అంటరు. ఉరుకుతది, నిజమే. అయితే మక్క చేన్ల పంది కనపడే ముందే ఇనపడుతది, కర్రలు ఇరిగే సప్పుడు రాకముందే మనం మంచె మీద కూసోని, మూతి చేను దిక్కు పెట్టి, లైట్ పట్టే మనిషి మన ఎనకనే ఉన్నడని చూసుకోని అప్పుడే ఎక్కిచ్చుకుంటే సరిపోతది. మంచె మీదికెల్లి కొడితే తూటా నేలల దిగుతది. సదును చేన్ల నిలబడి అడ్డంగ కొడితే 315 తూటా కిలోమీటర్ దాటి పోతది, ఆ దూరంల ఇంకో రైతు తన మంచె మీద పండుకోని ఉండొచ్చు, ఈ దిక్కు పంట చేతికొచ్చే రోజులల్ల ఏ చేన్ల చూసినా ఎవరో ఒకరు కావలి ఉంటరు.

పట్టా విషయం. మొదట్ల తోలుది వాడిన, వానకు నానితే సాగుతది, బిగుతు పోయి తుపాకీ మోచేతిల దాక జారుతది, జారిన తుపాకీని పట్టుకోబోతె చెయ్యి ఎటు పోతదో చెప్పలేం. వెడల్పు క్యాన్వాస్ పట్టా పెట్టినంక ఆ బాధ లేదు. పట్టాకు ఉండే స్క్రూలు మాత్రం చూసుకుంట ఉండాలె, అయి లూజ్ అయితె ఏ పట్టా అయినా ఒకటే. వానల మూతి కిందికి పెట్టి మోస్తే నీళ్లు పోవు గాని ఒరం మీద జారితే మూతిల మట్టి పోతది, మట్టి ఉండంగ కొడితే బ్యారెల్ ఉబ్బుతది, పగులుతది కూడ. నేను మూతికి ఒక పొర టేప్ అంటిస్త.

ఒరం మీద ఒకరెనక ఒకరం పోయేటప్పుడు తుపాకీ ఉన్నోడు ముందు ఉండాలె, మూతి ముందుకు, కొంచెం నేల దిక్కు. మోచేతి మీద అడ్డంగ పండవెట్టుకోని పోతే చూడనీకి బాగుంటది గాని మూతి పక్కనోని కడుపు దిక్కు ఉంటది. భుజం మీద పెడితే ఎనకనోని మొకం దిక్కు. కంచె దాటాలన్నా, కాకతీయ కాలువ గట్టు దిగాలన్నా, మంచె ఎక్కాలన్నా తూటాలు మొత్తం తీసేసి, బోల్ట్ తెరిచి, ముందు తుపాకీని అవతలి మనిషికి ఇచ్చి అటెన్క మనం దాటాలె. ఇంకోటి, కొందరు పందులకని చేను చుట్టు కరెంట్ తీగ పెడుతరు, అది నేరం, మనుషులు సచ్చిపోయిన్రు, చేతుల ఇనుప బ్యారెల్ పట్టుకోని చీకట్ల పోయేటోళ్లం కాబట్టి చేన్ల అడుగు పెట్టే ముందే రైతును అడుగుత, పక్క చేనోళ్లను కూడ.

తిరిగి వచ్చేటప్పుడు మ్యాగజైన్ ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి చిటికెన వేలు చాంబర్ల పెట్టి చూస్త, కన్ను మోసపోయినా వేలు మోసపోదు. బండి మీద ఎప్పుడూ ఖాళీ తుపాకీ సంచిలనే. ఎలక్షన్లప్పుడు స్టేషన్ల డిపాజిట్ చేసి నెలకో రెండు నెలలకో తెచ్చుకుంటం కద, ఆ తెచ్చుకున్న రోజు చేనుకు పోవద్దు, బ్యారెల్ల తుప్పు గిట్ల పట్టిందా లైట్ వేసి చూసి, తుడిచి, తూటా లేకుండ సేఫ్టీ ఆడించి పట్టుకుంటుందా లేదా చూసి, పట్టా స్క్రూలు బిగించినంకనే.