తమిళనాడులోని మండపం తీరంలో కొన్న కప్పాఫైకస్ విత్తు: మొక్క మంచిదే, నాచు మాత్రం అదనం

కప్పాఫైకస్ అంటే సముద్రంలో తెప్పలకు కట్టి పెంచే నాచు పంట, విత్తు అంటే నాటడానికి కొనే దాని కొమ్మలు. మొక్కకు వంక పెట్టలేం. కొమ్మలు గట్టిగా ఉన్నాయి, వంచితే టక్కున విరుగుతున్నాయి. చిక్కంతా వాటిని అంటుకుని వచ్చిన పచ్చ కలుపు నాచుతోనే: జుట్టులా అల్లుకున్న క్లాడోఫోరా, సన్నని గొట్టాల్లాంటి ఉల్వా. తూకంలో ఆ బరువుకూ డబ్బు కట్టినట్టే. అన్నట్టు, కప్పాఫైకస్ ఎర్ర నాచు జాతే అయినా అందులో ఆకుపచ్చ రకమూ ఉంది. రంగు చూసి సరుకు వెనక్కి పంపకండి.

పన్నెండడుగుల చదరపు వెదురు తెప్పకు 60 కిలోల విత్తు సరిపోతుంది: 20 తాళ్లు, తాడుకు 20 ముక్కలు, ముక్క 150 గ్రాములు. కట్టేముందు సముద్రపు నీటిలోనే జాడించి, నాచు పట్టిన ముదురు భాగం కోసేసి లేత కొసలే కట్టాలి. మంచినీళ్లలో కడిగితే కొమ్మలు తెల్లబారి మెత్తబడతాయి. 45 రోజుల కోత దాకా తాళ్లు తరచూ దులపాలి, నీటి కదలిక తక్కువున్న చోట మరీ ఎక్కువగా. లేదంటే వెలుగూ పోషకాలూ నాచుకే పోతాయి, బరువుకు కొమ్మలు తెగుతాయి. పీకిన నాచును ఒడ్డుకు తెచ్చేయండి. నీళ్లలో వదిలితే పక్క తెప్పకు చుట్టుకుంటుంది.

పచ్చ నాచుంటే ధర తగ్గించి అడగండి. ఎర్రని సన్న వెంట్రుకలూ వాటి మొదట్లో బొడిపెలూ కనిపిస్తే మాత్రం అది నియోసైఫోనియా అనే మరో కలుపు నాచు కావచ్చు. కొమ్మలోకి దిగిపోతుంది కాబట్టి దులిపినా పోదు. ఆ విత్తు కొనొద్దు. ఈ సరుకులో అది లేదు. ఈ విత్తుకు నా మార్కులు ఐదుకు మూడు.