ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్: బడి కంప్యూటర్‌లో ఎంతవరకు పనికొస్తుంది?

కంటిచూపు లేని విద్యార్థికి తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటాం. విండోస్‌లో ఉచితంగా దొరికేవాటిలో బడికి మొదట చూడాల్సింది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో 2006లో మైఖేల్ కరన్ దీన్ని రాయడం మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ చూపు లేనివాళ్లే. రోజంతా వాడేవాళ్లు కట్టిన పనిముట్టని మీటల అమరికలోనే తెలిసిపోతుంది.

దీన్ని పెన్‌డ్రైవ్ మీద పెట్టుకుని తిరగొచ్చు. మెనూలో టూల్స్‌కి వెళ్లి పోర్టబుల్ కాపీ తయారుచేసేటప్పుడు, ప్రస్తుత సెట్టింగులను కూడా కాపీ చేసే గడికి టిక్ పెట్టాలి. అప్పుడు విద్యార్థి ఏ కంప్యూటర్ దగ్గర కూర్చున్నా తన గొంతు, తన వేగం తనతోనే ఉంటాయి. పోర్టబుల్ కాపీకి కొన్ని పరిమితులున్నాయి. లాగిన్ తెర దగ్గర దానంతటది మొదలవదు. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగే తెర వస్తే మూగబోతుంది. వీడియో నడుస్తుంటే దాని శబ్దాన్ని తగ్గించి తన మాట వినిపించే సదుపాయం కూడా అందులో ఉండదు. ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌లోనైనా పూర్తిగా ఇన్‌స్టాల్ చేయించడం మంచిది. విండోస్ 7 నడుస్తున్న పాత యంత్రాలకు 2023.3 తరం వెర్షన్లే ఆఖరివి. కొత్తది ఎక్కించబోయి, ఎక్కకపోతే యంత్రం చెడిందనుకోవద్దు.

మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే స్వాగత డబ్బాలో రెండు విషయాలు తేల్చుకోవాలి: కీబోర్డు అమరిక డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా; క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ మీటగా వాడాలా, వద్దా. ఎన్‌వీడీఏ మీట అంటే వేరే మీటలతో కలిపి నొక్కి ఎన్‌వీడీఏకు ఆదేశాలిచ్చే మీట; మామూలుగా అది ఇన్సర్ట్. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇన్సర్ట్ మీట చేతికి అందేచోట ఉండదు కాబట్టి క్యాప్స్ లాక్‌కు టిక్ పెట్టండి. ఆ తర్వాత పెద్ద అక్షరాలు కావాలంటే దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. అమరికను బట్టి ఆదేశాలూ మారతాయి. మొత్తం చదివించడానికి డెస్క్‌టాప్ అమరికలో ఎన్‌వీడీఏ మీటతో కింది బాణం, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ మీటతో ఎ. ఒక అమరిక నేర్చుకున్న పిల్లవాడిని చెప్పకుండా రెండోదాని ముందు కూర్చోబెడితే నేర్చుకున్నదంతా మరిచిపోయాడనిపిస్తుంది.

కొత్తవాళ్లు అందరికన్నా ఎక్కువగా తడబడేది బ్రౌజ్ మోడ్, ఫోకస్ మోడ్‌ల దగ్గర. వెబ్‌పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే తర్వాతి లింకుకు, టి నొక్కితే తర్వాతి పట్టికకు వెళుతుంది. అది బ్రౌజ్ మోడ్. అదే మోడ్‌లో ఉండి ఫారంలో పేరు టైపు చేయబోతే అక్షరాలు పడవు, కర్సరు ఎటో దూకుతుంది. ఎన్‌వీడీఏ మీటతో స్పేస్ నొక్కితే టైపు చేయడానికి వీలయ్యే ఫోకస్ మోడ్‌కు మారుతుంది, మళ్లీ అదే నొక్కితే బ్రౌజ్ మోడ్‌కు వస్తుంది. ఒక్కో మోడ్‌కు మారినప్పుడు ఒక్కో రకం చిన్న చప్పుడు వస్తుంది. ఆ రెండు చప్పుళ్ల తేడా చెవికి పట్టేదాకా వేరే పాఠం మొదలుపెట్టొద్దు. మీటల సాధనకు ఎన్‌వీడీఏ మీటతో 1 నొక్కండి. అప్పుడు ఏ మీట నొక్కినా దాని పేరూ పనీ చెబుతుంది తప్ప ఆ పని చేయదు. మళ్లీ ఎన్‌వీడీఏ మీటతో 1 నొక్కితే మామూలు స్థితికి వస్తుంది.

గొంతు సంగతి. అక్షరాలను మాటగా పలికే ఈస్పీక్ ఎన్‌జీ దీంతోనే వస్తుంది, అందులో తెలుగు ఉంది. యాంత్రికంగా ఉంటుంది, మొదట్లో పిల్లలు మొహం ముడుచుకుంటారు. కానీ మీట నొక్కగానే పలుకుతుంది, వేగం బాగా పెంచినా అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. వేగం 0 నుంచి 100 వరకు ఉంటుంది. 20–30 మధ్య మొదలుపెట్టి మెల్లగా పెంచండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు చాలావాటిలో వాక్యం మొదటి ముక్క తెగిపోతుంది, ఒక్కొక్క అక్షరం వినేటప్పుడు అది పెద్ద నష్టం. తీగ ఉన్నవి వాడండి, అదీ ఒక చెవికే. రెండో చెవి టీచరు మాట కోసం.

బడిలో ఎన్‌వీడీఏ విఫలమైందని చెప్పే సందర్భాల్లో తప్పు ఎక్కువసార్లు మనం ఇచ్చే ఫైలుదే. పేజీని ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తే అందులో చదవడానికి అక్షరాలే ఉండవు. ఎన్‌వీడీఏ మీటతో ఆర్ నొక్కితే విండోస్‌లోని ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలను పట్టే సదుపాయం) సాయంతో బొమ్మలోని అక్షరాలను గుర్తిస్తుంది, అయితే ఆ ఓసీఆర్‌కు తెలుగు రాదు. తెలుగు పేజీలను ముందే టెసరాక్ట్ లాంటి వేరే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మార్చి, ఒక మనిషి దిద్ది ఇవ్వాలి. మ, య లాంటి దగ్గర పోలికల అక్షరాలూ ఒత్తులూ తప్పు పడే అవకాశం ఎక్కువ. అను ఫాంట్లలాంటి పాత డీటీపీ అక్షరాలతో చేసిన ఫైళ్లది ఇంకో తంటా. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి వేరే సంకేతాలు, వినిపించేది గందరగోళం. అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చకుండా ఆ ఫైలు ఇవ్వడం ఖాళీ కాగితం ఇవ్వడమే.

వర్డ్‌లో నోట్సు తయారుచేసేవాళ్లు అక్షరాలు లావు చేస్తే శీర్షిక అయిపోదని గుర్తుంచుకోవాలి. కంట్రోల్, ఆల్ట్‌లతో 1 నొక్కి హెడింగ్ 1 శైలి పెట్టాలి. అప్పుడే విద్యార్థి ఎన్‌వీడీఏ మీటతో ఎఫ్7 నొక్కి శీర్షికల జాబితా తెరిచి, కావలసిన పాఠ్యభాగానికి నేరుగా వెళ్లగలడు. పట్టికల్లో గడులు కలపకండి. కలిపితే కంట్రోల్, ఆల్ట్, బాణాలతో గడి నుంచి గడికి వెళ్తున్నప్పుడు ఏ అంకె ఏ వరుసదో తప్పిపోతుంది. గణితం మ్యాథ్‌ఎంఎల్‌లో (సమీకరణాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసే పద్ధతి) రాసి ఉండి, దాన్ని చదివి వినిపించే మ్యాథ్‌క్యాట్ తోడుంటే సమీకరణాన్ని భాగాలు భాగాలుగా వినవచ్చు. బొమ్మగా అతికించిన సమీకరణం దగ్గర బొమ్మ ఉందని మాత్రమే చెబుతుంది. గ్రాఫులు, జ్యామితి పటాలు దీని పని కాదు, వాటికి వేలికి తగిలే ఉబ్బెత్తు పటాలే కావాలి.

చూపున్న టీచరుకు పనికొచ్చేది టూల్స్‌లోని స్పీచ్ వ్యూయర్. విద్యార్థి చెవిలో పడుతున్న ప్రతి మాటా తెర మీద అక్షరాల్లో కనిపిస్తుంది, ఎక్కడ ఆగాడో వెంటనే తెలుస్తుంది. పరీక్షప్పుడు మాత్రం దాన్ని మూసేసి, ఎన్‌వీడీఏ సెట్టింగుల్లోని స్క్రీన్ కర్టెన్ వేయండి. తెర నల్లగా మారుతుంది, పక్కవాళ్లకు జవాబులు కనిపించవు. విరామచిహ్నాల స్థాయిని ఎన్‌వీడీఏ మీటతో పి నొక్కి మార్చవచ్చు. వ్యాకరణం, గణితం, ప్రోగ్రామింగ్ పరీక్షలకు అన్నీ చదివే స్థాయిలో ఉంచాలి. ఈ అమరికలన్నీ ముందురోజే చేసి, ఎన్‌వీడీఏ, కంట్రోల్ మీటలతో సి నొక్కి భద్రపరచండి.